మీరు, మేము, ఆమె: విరాళాల ప్రకటనల్లో మనుషులు, ప్రదేశాలు

ఒక నిమిషం నిడివి ఉన్న ప్రకటన. పగుళ్లు విచ్చిన నేల మీదుగా కెమెరా నెమ్మదిగా జరిగి ఒక పాప ముఖం దగ్గర ఆగుతుంది. పాప కళ్లెత్తి చూస్తోంది. అంటే కెమెరా పట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు, పాప నేల మీద కూర్చుని ఉంది. పెదవి పక్కన ఈగ వాలితే తోలడానికి ఏ చెయ్యీ ఫ్రేములోకి రాదు. వెనకాల పియానో మీద నాలుగు స్వరాలు విడివిడిగా మోగుతుంటే, ఎక్కడో స్టూడియోలో రికార్డు చేసిన గొంతు ఆ పాపకు రాత్రి తిండి లేదని, రేపు ఉంటుందో లేదో తెలియదని చెబుతుంది. చివర్లో తెర మీద మూడు మొత్తాలు వస్తాయి. మధ్యలోని అంకె చుట్టూ ముందే రంగు గీత గీసి ఉంటుంది. ఈ నిమిషంలో ఒక్క క్షణం పాటు, పాప భుజం వెనక, ఫ్రేము అంచున పసుపు రంగు కొంగు ఒకటి కనిపించి పోతుంది. అక్కడ ఎవరో కూర్చుని ఉన్నారు: తల్లో, మేనత్తో, అమ్మమ్మో. పాపను ఇంతవరకు పెంచిన మనిషి, ఆ ఈగను రోజూ తోలే మనిషి. ఆమెను ఫ్రేములోంచి తప్పించారు.

ఇది ఏ ఒక్క సంస్థ ప్రకటనా కాదు. ఇలాంటివి పది చూసినవారెవరైనా పదకొండోదాన్ని కళ్లు మూసుకుని ఊహించగలరు. అంత బాగా స్థిరపడిపోయిన రూపం ఇది. దానిని తయారుచేసేవారిలో అత్యధికులు నిజాయితీపరులు, తమ పని వల్ల పిల్లలు బతుకుతారని నమ్మేవారు. ఆ నమ్మకం చాలాసార్లు నిజం కూడా. అయినప్పటికీ ఎవరిని చూపాలి, ఎవరిని తప్పించాలి, ఎవరి గొంతు వినిపించాలి, వెనక ఏ నేల కనిపించాలి అన్న నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, కోట్లాది మంది మనసుల్లో కొందరు మనుషుల గురించి, కొన్ని ప్రదేశాల గురించి ఒక శాశ్వత చిత్రాన్ని గీస్తాయి. విరాళం ఇచ్చిన రసీదు పోయినా ఆ చిత్రం పోదు.

ఈ ప్రకటనల వెనక ఉన్న నిర్మాణం తెలుగు వ్యాకరణంతో చూస్తే చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మాట్లాడేవారు ఉత్తమ పురుష, వినేవారు మధ్యమ పురుష, ఆ మాటల్లో ప్రస్తావనకు వచ్చేవారు ప్రథమ పురుష అని బళ్లో చదువుకున్నదే. విరాళాల ప్రకటన చెప్పే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘మీరిచ్చే చిన్న మొత్తంతో మేము ఈ పాప ప్రాణం కాపాడగలం.’ ఇందులో ఇచ్చేది మీరు, కాపాడేది మేము. పాప ‘పాప ప్రాణం’ అన్నచోట షష్ఠీ విభక్తిలో మాత్రమే ఉంది. ఆమె గురించి మాట్లాడుతున్నారు, ఆమెతో కాదు. ఆమె చేసే పని అంటూ వాక్యంలో ఏదీ లేదు. కొంచెం ఆత్మీయంగా ఉండాలనుకున్న ప్రకటన ‘మేము’ను ‘మనం’ చేస్తుంది: ‘మనం కలిసి ఈ పాపను కాపాడుకుందాం.’ వినేవారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము అన్న తేడా తెలుగులో ఉంది కాబట్టి ఇక్కడ జరిగింది దాగదు. దాతను లోపలికి పిలిచారు. పాప బయటే ఉండిపోయింది.

ఈ వాక్యానికి రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. 1787లో బ్రిటన్‌లో బానిస వ్యాపార నిర్మూలనకు ఏర్పడిన సంఘం ఒక ముద్రను తయారుచేయించింది. సంకెళ్లతో మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి పైకి చూస్తున్న నల్లజాతి మనిషి. చుట్టూ ‘నేను మనిషిని కానా, సోదరుణ్ణి కానా?’ అన్న అక్షరాలు. పింగాణీ పాత్రల వ్యాపారి జొసయా వెడ్జ్‌వుడ్ దాన్ని పతకాలుగా పోతపోయించి పంచాడు. సంపన్న మహిళలు వాటిని గాజుల్లో, జడపిన్నుల్లో పొదిగించుకున్నారు. ఇక్కడ మోకరిల్లిన మనిషి ‘నేను’ అంటూ ఉత్తమ పురుషలోనే మాట్లాడుతున్నట్టు కనిపిస్తాడు. కానీ ఆ మాటలు అతనివి కావు, ఆ భంగిమ అతను ఎంచుకున్నదీ కాదు. రెండేళ్లు తిరిగేసరికి, స్వయంగా బానిసత్వం అనుభవించి స్వేచ్ఛ కొనుక్కున్న ఓలాడా ఎక్వియానో తన జీవితకథను తానే రాసుకుని లండన్‌లో అచ్చు వేయించాడు. ఆ పుస్తకం మొదటి పేజీలో ఉన్న బొమ్మలో ఎక్వియానో మంచి దుస్తులు వేసుకుని, చేతిలో బైబిలు తెరిచి పట్టుకుని, పాఠకుడి కళ్లలోకి సూటిగా చూస్తుంటాడు. రెండు బొమ్మలదీ ఒకే ఉద్యమం, ఒకే కాలం. తర్వాతి తరాల ప్రకటనలు మాత్రం మొదటి బొమ్మనే వారసత్వంగా తీసుకున్నాయి.

ఫొటో వచ్చాక ఈ వారసత్వానికి సాక్ష్యం అన్న బలం తోడైంది. 1870లలో తూర్పు లండన్‌లో అనాథ పిల్లలకు ఆశ్రమాలు నడిపిన థామస్ బార్నార్డో, చేరినప్పటి పిల్లవాడు, చేరాక పిల్లవాడు అంటూ జంట ఫొటోల కార్డులు అమ్మించేవాడు. ఒకదానిలో చింపిరి గుడ్డలు, మట్టి కాళ్లు; రెండోదానిలో ఉతికిన చొక్కా, చేతిలో పనిముట్టు. కొన్ని జంటల్లో రెండు ఫొటోలూ వేర్వేరు కాలాల్లో తీసినవి కావని, మొదటి ఫొటో కోసం పిల్లల బట్టలు కావాలని చింపారని ఆరోపణలు వచ్చి, 1877లో మధ్యవర్తుల ముందు విచారణ జరిగింది. బార్నార్డో మీద మోపిన నేరాల్లో చాలావరకు నిలబడలేదు, కానీ ఫొటోల విషయంలో అవి ‘కళాత్మక కల్పన’ అన్న తప్పు నిలిచింది. బార్నార్డో వాదన ఈనాటికీ వినిపించేదే: ఈ పిల్లవాడి బట్టలు చిరగకపోయినా, ఇలాంటి చిరిగిన బట్టలతో వచ్చే పిల్లలు నిజంగా ఉన్నారు కదా! సాధారణ సత్యం కోసం ఒక ప్రత్యేక మనిషి గురించి అబద్ధం చెప్పవచ్చా అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. చెప్పకూడదన్నదే సరైన జవాబు, ఎందుకంటే ఆ పిల్లవాడు ఒక కోవకు నమూనా కాదు. పెద్దయ్యాక ఆ కార్డు ఎవరి ఇంట్లోనో చూసుకోగల మనిషి.

ఆ దశాబ్దంలోనే, 1876–78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని కరవు తుడిచిపెట్టినప్పుడు, విల్లోబీ వాలస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లలా మిగిలిన మనుషులను వరసలుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఫొటో తీశాక వాళ్లకు తిండి పెట్టకుండా పంపేశాడన్న విమర్శ ఆనాడే వచ్చింది. ఆ ఫొటోల్లో పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అదే సమయంలో రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగకుండా సాగిందన్న సంగతి, వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం మార్కెట్ ధరల్లో జోక్యం చేసుకోవడానికి ఇష్టపడలేదన్న సంగతి ఆ ఫొటోల్లో ఎక్కడా కనిపించవు. కెమెరా ఆకలిని చూడగలదు, ఆకలికి కారణమైన ఉత్తర్వును చూడలేదు. ఆ పరిమితిని క్యాప్షన్ పూరించాలి. అక్కడున్న మనుషుల పేర్లు కూడా మనదాకా రాలేదు.

కారణం చెప్పడం ప్రకటనకు అసాధ్యమేమీ కాదని 1919 నాటి ఒక కరపత్రం రుజువు చేసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసినా ఓడిన దేశాల మీద మిత్రరాజ్యాల సముద్ర దిగ్బంధం కొనసాగుతుండగా, ఎగ్లాంటైన్ జెబ్ లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆకలితో శుష్కించిన ఆస్ట్రియా పసిబిడ్డ ఫొటో ఉన్న కరపత్రాలు పంచింది. వాటిలోని కోరిక దిగ్బంధం ఎత్తివేయాలని. సెన్సారు అనుమతి లేకుండా పంచినందుకు ఆమెను అరెస్టు చేసి 5 పౌండ్ల జరిమానా వేశారు. ఆమె వాదన విన్న ప్రభుత్వ న్యాయవాదే ఆ 5 పౌండ్లను ఉద్యమానికి ఇచ్చాడని చెబుతారు. ఆ ఏడాదే జెబ్, ఆమె సోదరి డొరొతీ బక్స్టన్ కలిసి సేవ్ ది చిల్డ్రన్ సంస్థను స్థాపించారు. ఆకలితో ఉన్న బిడ్డ ఫొటోతో డబ్బు సేకరించే ఆధునిక పద్ధతికి ఈ కరపత్రాన్ని మూలంగా చెప్పుకోవడం పరిపాటి. అందులో బిడ్డ ఫొటోతో పాటు ఆ బిడ్డను అలా చేసినదేమిటో, దాన్ని ఎవరు ఆపగలరో కూడా ఉందన్నది మాత్రం తరచుగా మరిచిపోతారు. కరపత్రం చదివినవాడికి రెండు పనులు మిగిలేవి: డబ్బు ఇవ్వడం, తన ప్రభుత్వాన్ని నిలదీయడం. తర్వాతి కాలపు ప్రకటనలు మొదటి పనిని ఉంచుకుని రెండోదాన్ని మెల్లగా వదిలేశాయి.

ఈ వదిలేయడం ఎలా జరిగిందో 1968లో బయాఫ్రా విషయంలో చూడవచ్చు. నైజీరియా నుంచి విడిపోతున్నట్టు ప్రకటించుకున్న ఆ ప్రాంతాన్ని సమాఖ్య ప్రభుత్వం ముట్టడించి దిగ్బంధించడంతో తిండి అందక లక్షల మంది చనిపోయారు. ప్రోటీన్ లోపంతో పొట్టలు ఉబ్బి, జుట్టు రంగు వెలిసిపోయిన పిల్లల ఫొటోలు పాశ్చాత్య పత్రికల మొదటి పేజీలకెక్కాయి. అది యుద్ధం చేసిన ఆకలి, రెండు పక్షాలకూ రాజకీయ లెక్కలున్న ఆకలి. ఆ ఫొటోల్లో మాత్రం అది నేల నుంచి మొలిచినట్టు కనిపించింది. 1984 అక్టోబరు 23న ఇథియోపియాలోని కోరెమ్ నుంచి బీబీసీ ప్రసారం చేసిన వార్తాకథనంలో విలేకరి మైకేల్ బర్క్ ఆ దృశ్యాన్ని ఇరవయ్యో శతాబ్దంలో కనిపిస్తున్న బైబిలు కాలపు కరవుగా వర్ణించాడు. మొహమ్మద్ అమీన్ తీసిన ఆ దృశ్యాలు ప్రపంచాన్ని కదిలించాయి. 1985 జులై 13న లండన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ ఒకేరోజు జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలకు దారితీశాయి. ఆ సాయం ప్రాణాలు నిలిపింది, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ ‘బైబిలు కాలం’ అనగానే ఇథియోపియా పాలకుడు మెంగిస్టు ప్రభుత్వం తిగ్రేలో, ఎరిత్రియాలో సాగిస్తున్న యుద్ధం, బలవంతపు తరలింపులు పక్కకు పోయాయి. పురాణకాలపు విపత్తుకు బాధ్యులు ఎవరుంటారు?

మనుషులకు జరిగినట్టే ప్రదేశాలకూ జరిగింది. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. విరాళాల ప్రకటనల్లో ఉన్నది ఒక్కటే ప్రదేశం. దానికి పగిలిన నేల, గడ్డి కప్పిన గుడిసె, తల మీద కుండతో నడిచే స్త్రీ, దూరాన ఒంటరి చెట్టు ఉంటాయి. రంగులు సర్దే బల్ల దగ్గర పచ్చదనాన్ని తగ్గించి మట్టిరంగును పెంచుతారు. కరెంటు స్తంభం ఫ్రేములోకి వస్తే కెమెరాను అర అడుగు పక్కకు జరుపుతారు. ఊరి ఆరోగ్య కేంద్రం బోర్డు, బడి గోడ, మోటారు సైకిలు, చేతిలో ఫోను కనబడకూడదు, ఎందుకంటే అవి కనబడితే ఆ ఊరికి తనదైన జీవితం ఉందని తెలిసిపోతుంది. ఫోను ద్వారా డబ్బు పంపుకునే ఎం-పెసా కెన్యాలో 2007లోనే మొదలై సామాన్యుల చేతుల్లోకి వెళ్లింది. ప్రకటన చూసి లండన్‌లోని దాత తన ఫోను తీసే సమయానికి, ఆ పాప మేనమామ తన ఫోనులో ఊరికి డబ్బు పంపుతూ ఉండవచ్చు. విదేశాలకు స్వచ్ఛంద సేవకులను పంపే బ్రిటన్ సంస్థ వీఎస్‌ఓ 2002లో, లైవ్ ఎయిడ్ మిగిల్చిన వారసత్వం మీద ఒక అధ్యయనం వెలువరించింది. అభివృద్ధి చెందుతున్న దేశాలు అనగానే బ్రిటిష్ ప్రజల్లో 80 శాతం మందికి కరవు, విపత్తు, పాశ్చాత్యుల సాయం వంటి దృశ్యాలే మనసుకు వస్తున్నాయని అది తేల్చింది. కచేరీ జరిగి అప్పటికి పదిహేడేళ్లు. పెట్టుబడి పెట్టాలన్నా, వలస వచ్చినవారిని ఉద్యోగంలోకి తీసుకోవాలన్నా, విదేశాంగ విధానం గురించి ఓటు వేయాలన్నా, ఆ 80 శాతం మంది ఆలోచన ఈ చిత్రం మీదుగానే సాగుతుంది.

ఇంత తెలిసీ సంస్థలు ఆ బొమ్మనే ఎందుకు వాడతాయి? అది పనిచేస్తుంది కాబట్టి. దీని గురించి మనోవిజ్ఞాన పరిశోధకులు జాగ్రత్తగా చేసిన ప్రయోగాలున్నాయి. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక చిన్న సర్వేకు జవాబులిచ్చినందుకు ప్రతి ఒక్కరికీ 5 డాలర్లు ఇచ్చి, అందులోంచి ఇష్టమైనంత విరాళం వేయమన్నారు. కొందరికి మాలీ దేశానికి చెందిన ఏడేళ్ల పాప ఫొటో, పేరు చూపించారు. వాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఆఫ్రికా దేశాల్లో లక్షల మంది ఆకలితో ఉన్నారన్న గణాంకాలు మాత్రమే చదివినవారు 1.14 డాలర్లు ఇచ్చారు. మనసును నొప్పించే అంకె మూడోది: పాప ఫొటోను, గణాంకాలను కలిపి చూపినప్పుడు సగటు 1.43 డాలర్లకు పడిపోయింది. విశాలమైన వాస్తవాన్ని పక్కన పెట్టగానే ఒక్క ముఖం మీద పుట్టిన దయ పలచబడింది. తెహిలా కోగుట్, ఇలానా రిటోవ్ 2005లో చూపినట్టు, జబ్బు పడిన ఎనిమిది మంది పిల్లలను కలిపి చూపినప్పటి కంటే వారిలో ఒక్కరినే పేరు, ఫొటోతో చూపినప్పుడు ఎక్కువ డబ్బు వస్తుంది. నవ్వుతున్న ముఖం కంటే, మామూలుగా ఉన్న ముఖం కంటే విచారంగా ఉన్న ముఖానికి విరాళాలు ఎక్కువని స్మాల్, వెరోకీ 2009లో నిరూపించారు.

ఈ ఫలితాలను చదివాక మొదట్లో చెప్పిన ప్రకటనలోని ప్రతి నిర్ణయానికీ లెక్క దొరుకుతుంది. పసుపు కొంగు ఉన్న స్త్రీని ఎందుకు తప్పించారు? ఆమె కనిపిస్తే పాపకు ఒక దిక్కు ఉందని తెలుస్తుంది, అప్పుడు దాతకు తన అవసరం తగ్గినట్టు అనిపిస్తుంది. కరవుకు కారణం ఎందుకు చెప్పలేదు? కారణం ఆలోచనను లేపుతుంది, ఆలోచన లేచినచోట జేబులోకి వెళ్లిన చెయ్యి ఆగుతుంది. సేకరణ విభాగంలో పనిచేసేవారు రెండు రకాల ఉత్తరాలను రెండు గుంపులకు పంపి, ఏది ఎక్కువ తెచ్చిందో చూసి, తెచ్చినదాన్నే మళ్లీ పంపుతారు. తేనివి రాలిపోతాయి. ఎవరూ దురుద్దేశంతో కూర్చుని రూపొందించకపోయినా, ఏళ్ల తరబడి సాగిన ఈ వడపోతలో మిగిలేది ఆ ఒంటరి, విచార వదనపు పాపే. ఇక్కడ ఉన్న ఇబ్బందిని తేలికగా కొట్టిపారేయకూడదు. గౌరవంగా తీసిన ఫొటోకు సగం డబ్బే వస్తే, ఆ తగ్గిన సగం అంటే కొన్ని వేల పాల ప్యాకెట్లు, కొన్ని వేల టీకాలు. విమర్శకులు ఆ లెక్కను ఎదుర్కోవలసిందే. అయితే ఆ లెక్కలోకి ఎప్పుడూ రాని ఖర్చు ఒకటి ఉంది: ఒక ఖండం పేరు చెప్పగానే ఆకలి మాత్రమే గుర్తుకు రావడం వల్ల ఆ ఖండపు మనుషులు ప్రతిచోటా చెల్లించే మూల్యం. విరాళం వచ్చే వారం కొలవగలిగినది, ఈ నష్టం తరాల మీద పరుచుకునేది. కొలవగలిగినదే గెలుస్తూ వచ్చింది.

డెన్మార్క్‌కు చెందిన యోర్గెన్ లిస్నెర్ 1981లోనే ఇలాంటి ఫొటోలను అశ్లీల చిత్రాలతో పోల్చాడు. ఆ మాట తర్వాత ‘పేదరికపు అశ్లీలం’ అన్న పేరుగా స్థిరపడింది. పోలిక కటువుగా ఉన్నా దానిలో ఒక న్యాయం ఉంది. తన ఇంట్లోవాళ్ల విషయంలో ఎవరూ ఒప్పుకోని రీతిలో, ఎక్కడో ఉన్నవాళ్ల శరీరాన్ని, బాధను అపరిచితుల చూపుకు అప్పగించడం రెండింటిలోనూ ఉంది. సంపన్న దేశపు దినపత్రికలో స్థానికంగా ప్రమాదంలో చనిపోయిన బిడ్డ దేహాన్ని వేయరు. సరిహద్దు దాటితే ఆ నియమం సడలిపోతుంది.

దూరదేశాల వాళ్ల విషయంలోనే ఇలా జరుగుతుందనుకోకూడదు. బ్రిటన్‌లో వికలాంగుల సంక్షేమం పేరుతో ఐటీవీ ఛానల్ గంటల తరబడి నడిపిన టెలిథాన్ అనే విరాళాల సేకరణ కార్యక్రమాన్ని వ్యతిరేకిస్తూ, 1990లోనూ 1992లోనూ వికలాంగులే లండన్ స్టూడియో ముందు నిరసనకు దిగారు. జాలిని ఈసడించుకునే నినాదం రాసిన చొక్కాలు తొడుక్కుని, చక్రాల కుర్చీల్లో వరసగట్టి, తమ కోసమని చెబుతున్న కార్యక్రమాన్నే ఆపమన్నారు. 1992 తర్వాత ఆ టెలిథాన్ మళ్లీ జరగలేదు. వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంది. ప్రకటనలో చక్రాల కుర్చీలోని పిల్లవాడు మెట్ల ముందు దిగులుగా ఆగిపోయి ఉంటాడు. సమస్య అతని కాళ్లదన్నట్టు, పరిష్కారం దాత దయ అన్నట్టు. అక్కడ ర్యాంపు లేకుండా మెట్లు మాత్రమే కట్టిందెవరు అన్న ప్రశ్నకు ఆ ఫ్రేములో చోటు లేదు. వాళ్లు అడిగింది హక్కు. వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టం బ్రిటన్‌లో 1995లో వచ్చింది.

ఈ విమర్శల ఒత్తిడితో 1980ల చివరి నుంచి సంస్థలు దారి మార్చే ప్రయత్నం చేశాయి. ఐరోపా స్వచ్ఛంద సంస్థల సర్వసభ్య సమావేశం 1989లో ఫొటోలు, సందేశాల విషయంలో ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. 2006లో దాన్ని సవరించారు. ఏడుపు ముఖాల స్థానంలో నవ్వు ముఖాలు వచ్చాయి: కొత్త బోరింగు దగ్గర నీళ్లు చిమ్ముకునే పిల్లలు, పలక పట్టుకున్న బాలిక. మార్పు మంచిదే, కానీ ఆ నవ్వు కూడా విరాళానికి రసీదులాగే పనిచేసింది. ముందు ఏడిపించి అడిగినది ఇప్పుడు నవ్వించి అడుగుతోంది. వాక్యంలోని కర్త మారలేదు. ఇటీవలి ప్రకటనలు బాధితుణ్ణి చాలావరకు పక్కనపెట్టి దాత అనుభూతి చుట్టూనే తిరుగుతున్నాయని మీడియా పరిశోధకురాలు లిలీ చూలియారాకీ విశ్లేషించింది. విరాళాల కోసం పరుగు పందెం, తల మీద చల్లటి నీళ్లు పోసుకోవడం, చేతికి రంగు పట్టీ కట్టుకోవడం వంటివాటిలో జబ్బు పేరైనా గుర్తుండకపోవచ్చు.

దిశ మార్చి చూపిన రెండు ప్రయత్నాలు మాత్రం లోతుగా చూడదగినవి. నార్వే విద్యార్థుల సహాయనిధి 2012లో ఒక వ్యంగ్య వీడియో తీసింది. అందులో ఆఫ్రికా యువతీయువకులు చలికి వణికిపోతున్న నార్వే ప్రజల మీద జాలిపడి, గదులు వేడిచేసే రేడియేటర్లు సేకరించి పంపుతారు. నార్వేలో చలి నిజమే, మంచు నిజమే. అదొక్కటే చూపితే ఆ దేశం ఎలా ఉంటుందో చూసినవారికి వెంటనే తెలిసింది. రెండోది సిరియా యుద్ధం గురించి 2014లో సేవ్ ది చిల్డ్రన్ విడుదల చేసిన చిన్న చిత్రం. లండన్ బాలిక ఒకరి జీవితాన్ని రోజుకొక్క సెకను చొప్పున ఏడాది పాటు చూపుతుంది: పుట్టినరోజు కొవ్వొత్తులు, బడి, తల్లిదండ్రుల ముచ్చట్లు, వెనక టీవీలో వార్తలు, ఆ తర్వాత సైరన్లు, పరుగులు, శిబిరం, మళ్లీ పుట్టినరోజు. చూసినవారు చలించారు. ఆ చిత్రంలో బాలికకు అమ్మానాన్నలు, ఇల్లు, ఇష్టాయిష్టాలు, యుద్ధానికి ముందొక జీవితం దక్కాయి. ఇవన్నీ సిరియా బాలికకూ ఉన్నాయి. కానీ వాటిని ఒక ప్రకటనలో ఆమెకు ఇవ్వాలంటే ఆమెను లండన్ బాలికగా మార్చవలసి వచ్చింది. ఆ చిత్రం ఎంత గొప్పగా పనిచేసిందో, మామూలు ప్రకటనలు ఏమేమి తీసేస్తున్నాయో అంత స్పష్టంగా బయటపెట్టింది.

ప్రకటనలో ఉన్నవాళ్లే ప్రేక్షకులైతే ఏమవుతుందో తెలిపే సంఘటన ఒకటి 2012 మార్చిలో జరిగింది. ఉగాండాలో వేలాది పిల్లలను ఎత్తుకెళ్లి సైనికులుగా మార్చిన జోసెఫ్ కోనీని పట్టించాలంటూ ఒక అమెరికా సంస్థ తీసిన వీడియో ఆరు రోజుల్లోనే పది కోట్ల సార్లు చూడబడింది. అప్పటికి కోనీ ఉగాండా వదిలి ఆరేళ్లయింది. ఆ వీడియోను కోనీ దాడులకు బలైన లీరా పట్టణంలోనే తెర కట్టి వేశారు. చూడటానికి వేల మంది వచ్చారు. వాళ్లు చూసింది తమ కథ కాదు. అమెరికా యువకుడొకరు తన చిన్న కొడుక్కు కోనీ గురించి వివరించే కథ. తమ పిల్లలను చంపినవాడి పేరున్న టీషర్టులు, పోస్టర్లు అమ్మాలన్న ప్రచారం వాళ్లకు దుస్సహమైంది. ప్రదర్శన రాళ్ల వర్షంతో ముగిసింది. పది కోట్ల మందిలో ఎవరికీ తట్టనిది ఆ మైదానంలో ఉన్నవాళ్లకు క్షణంలో తట్టింది, ఎందుకంటే ‘వాళ్లు’ అని ఎవరి గురించి చెప్పారో వాళ్లు అక్కడ కూర్చుని వింటున్నారు.

నియమావళులన్నింటిలో మొదట ఉండే మాట సమ్మతి. కాగితం మీద అది తేలికైన మాట. బిడ్డను పోషకాహార కేంద్రానికి మోసుకొచ్చిన తల్లి ముందు, ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ గుర్తు ఉన్న చొక్కా వేసుకుని ఒకరు కెమెరాతో నిలబడి, ఫొటో తీసుకోవచ్చా అని అడుగుతారు. అదే గుర్తు ఆమె తెచ్చుకోబోయే పిండి సంచి మీద కూడా ఉంది. కాదంటే సంచి ఆగిపోదని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఫొటో ఏ దేశంలో, ఎంత పెద్ద బోర్డు మీద, ఎన్నేళ్లు ఉంటుందో ఆమె ఊహకు అందేలా వివరించారా? వేలిముద్ర పడిన పత్రం ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంటుంది. ఆ ముద్రలో ఎంత ఇష్టం ఉందో, ఎంత భయం ఉందో పత్రం చెప్పదు.

ఈ చిక్కు నుంచి తప్పించుకోవడానికి కొత్తగా దొరికిన మార్గం ఇంకా ఆందోళనకరమైనది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నార్వే విభాగం 2023లో, కొలంబియాలో నిరసనకారులపై పోలీసుల హింసను చూపడానికి కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు వాడి, విమర్శలు రావడంతో వాటిని తొలగించింది. నిజమైన నిరసనకారుల ముఖాలు బయటపడకుండా కాపాడటానికే అలా చేశామన్నది వాళ్ల వివరణ. అందులో సదుద్దేశం ఉంది. అయితే ఆ ఏడాదే లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన, ఇలాంటి యంత్రాలను నల్లజాతి ఆఫ్రికా వైద్యులు పేద తెల్లజాతి పిల్లలకు చికిత్స చేస్తున్న బొమ్మ గీయమని పదేపదే అడిగినా, అవి దాదాపు ఎప్పుడూ పిల్లలను నల్లవాళ్లుగానే గీశాయని, కొన్నిసార్లు వైద్యుణ్ణే తెల్లవాడిగా మార్చేశాయని చూపింది. యంత్రం నేర్చుకున్నది దశాబ్దాలుగా పేరుకున్న బొమ్మల నుంచే. బార్నార్డో కార్డులో కనీసం ఒక పిల్లవాడు ఉన్నాడు, ఆ పిల్లవాడి తరఫున ఎవరో నిలదీయగలిగారు. యంత్రం గీసిన పాప తరఫున అడగడానికి తల్లి లేదు. ఆ బొమ్మ వల్ల పరువు పోయేది మాత్రం నిజమైన మనుషులకే.

చివరికి, ఫొటోల్లో ఉన్నవాళ్లు ఏమంటున్నారు అన్న ప్రశ్నను ఇన్నేళ్లలో అడిగినవారు చాలా తక్కువ. సేవ్ ది చిల్డ్రన్ కోసం సియోభాన్ వారింగ్టన్, జెస్ క్రాంబీ 2017లో వెలువరించిన అధ్యయనంలో బ్రిటన్, జోర్డాన్, బంగ్లాదేశ్, నైజర్ దేశాల్లో కెమెరా ముందుకు వచ్చినవారిని స్వయంగా కలిసి మాట్లాడారు. నార్వే విద్యార్థుల సంస్థ ఆరు ఆఫ్రికా దేశాల్లో సాయం అందుకునే ప్రాంతాల వాళ్లకు ప్రకటనలు చూపించి అభిప్రాయాలు సేకరించింది. కష్టాన్ని దాచమని అడిగినవాళ్లు ఎక్కువ మంది లేరు; అవసరం ఉన్నప్పుడు అది కనిపించాలనే చాలామంది ఒప్పుకున్నారు. తమ కథ చెబితే తమలాంటి మరికొందరికి మేలు జరుగుతుందన్న ఆశతోనే చెప్పామన్నారు. అంటే దాత కంటే ముందే అక్కడ ఒక దానం జరిగింది, అది ప్రకటనలో ఎక్కడా దానంగా నమోదు కాలేదు. బొమ్మలు చూసి చాలామంది దిగులుపడ్డారు; ఎప్పుడూ పిల్లలే ఎందుకు, తల్లిదండ్రులు ఎక్కడ, మా డాక్టర్లను ఎందుకు చూపరు అని అడిగారు. ఇక ఫొటో ఇచ్చినవాళ్లలో పలువురు తమ ఫొటో తర్వాత ఏమైందో, ఎవరు చూశారో తెలియదన్నారు. దాన్ని చూడాలని ఉందన్నారు, ఒక కాపీ తమ ఇంట్లో ఉంచుకోవాలని ఉందన్నారు.